మంచినీళ్ళ షెడ్డు ఎక్కడ?

“షెడ్డు ఇక్కడ కడతామండీ. రేపే పునాది. మీకు ఇష్టమేనా?” అంటూ జాయ్సీ అరుగు మీద మ్యాపు పరిచింది. ఆమె తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ లెక్చరరు. ఈ కొల్లేటి లంక ఊరితో కలిసి కాలేజీ పెడుతున్న మంచినీళ్ళ ప్లాంటు ఆమెకి మొదటి ప్రాజెక్టు.

“చాలా బాగుందండీ మేడం గారూ,” అంది డ్వాక్రా లీడరు దుర్గమ్మ, కొరమీనుకి బూడిద పట్టించి తోముతూ. వెనకున్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

“నవ్వుతారేంటండీ?”

“ఏం లేదండీ. వానాకాలం బిందెలతో ఈదుకుంటూ వెళ్తాంలెండి,” అంది వాళ్ళలో ఒకామె.

జాయ్సీ మ్యాపు మీదకి వంగింది. “అక్కడ మునుగుతుందా? మూడుసార్లు వచ్చి అడిగాను కదండీ! ప్రతిసారీ బాగుందన్నారే?”

“టీ తాగి వెళ్ళిపోయే చుట్టాలకి వంకలు పెడతామా అండీ?” అంది దుర్గమ్మ.

జాయ్సీ చెప్పులు విప్పి, కుచ్చిళ్ళు ఎగదోపి, దుర్గమ్మ పక్కన చతికిలబడింది.

“ఆ రెండో చేప ఇటివ్వండి.”

కొరమీను ఆమె చేతిలోంచి జారి మ్యాపు మీద పడింది.

“అయ్యో, అలా కాదే పిల్లా! తల దగ్గర పట్టుకో. ఏం చదువుకున్నావో ఏంటో!” దుర్గమ్మ ఆమె చెయ్యి సరిచేసింది. తర్వాత ఆ బూడిద వేలితోనే మ్యాపులో చర్చి వెనక ఉన్న మెరక చూపించింది. “షెడ్డు ఇక్కడ కట్టు. ఇది గీసినవాళ్ళెవరో గానీ, వానాకాలం ఈ ఊరి మొహం చూడలేదు.”

“గీసింది నేనేనండీ.”

“తెలుసులే. రెండోవైపు తోము.”