రక్షణ దుస్తుల్లో ఇద్దరు

పురుగుమందుల ప్రకటనలు తనిఖీ చేసే ఆ ఆఫీసరంటే కంపెనీలకు హడల్. 'ఏ హానీ లేదు' అన్న మాట కనిపిస్తే చాలు, ఎర్రసిరాతో కొట్టేస్తాడు. మందు పట్టుకున్న చేతికి తొడుగు లేకపోయినా, బొమ్మలో ఏ మూలనో చిన్నపిల్ల కనిపించినా, ఆ ప్రకటన వచ్చిన దారినే పోవలసిందే.

ఆ సోమవారం బల్ల మీదికొచ్చిన ప్రకటన చూసి మాత్రం అతని కలం ఆగిపోయింది. తోటలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒళ్ళంతా రక్షణ దుస్తులు, ముఖాలకు ముసుగులు, కళ్ళకు పెద్ద అద్దాలు. అయితేనేం, ఎడమకాలి మీద బరువు వేసి, మెడ కాస్త వాల్చి నిలబడే తన భార్యను అతను పోల్చుకోలేడా? ఆమె పనిచేసేది ఫోటో స్టూడియోలోనే.

మరి పక్కనున్నవాడెవడు? పొడగరి, వెడల్పాటి భుజాలు. పైగా ఆమె భుజం చుట్టూ చెయ్యి.

అరికాలి మంట నెత్తికెక్కింది.

సాయంత్రం ఇల్లు చేరగానే నిలదీశాడు. మనుషులు తక్కువైతే తానే నిలబడ్డానని, చెబితే ఏదో నియమం తీసి ప్రకటన ఆపేస్తారని దాచానని ఆమె ఒప్పుకుంది.

"పక్కనున్నదెవరు?"

"నాలాగే అవసరానికి వచ్చారు. పేరు చెప్పనని మాటిచ్చాను."

"భుజం మీద చెయ్యేసేంత చనువుంది. మొగుడికి మాత్రం పేరు చెప్పకూడదా?"

"నమ్మకం ఉంటే అడగరు. లేకపోతే చెప్పినా ఒకటే."

భోజనాల దగ్గర మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆ దున్నపోతు మొహం చూస్తే తప్ప తనకు నిద్ర పట్టదన్నాడు. వడ్డిస్తున్న వాళ్ళమ్మ ముఖం గంటు పెట్టుకుని, కూరగిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కన్నతల్లి కూడా కోడలి పక్షమే చేరిందని అతనికి పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు ప్రకటనను భూతద్దం పెట్టి గాలించాడు. బూట్లు, తొడుగులు, అన్నీ ఉన్నాయి. 'లేబుల్ చదివి వాడండి' అన్న హెచ్చరిక ఉండాల్సిన సైజులోనే ఉంది. దరిదాపుల్లో తిండిగిన్నె లేదు, నీళ్ళచెంబు లేదు. ముఖం కనబడనివ్వని ఆ ముసుగు తప్పనిసరి అని పోయినేడాది పట్టుబట్టి రాయించింది తనే. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు.

చివరికి ఒక నియమం తట్టింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను ఇలాంటి ప్రకటనల్లో చూపకూడదు.

'ముఖాలు కనబడనందున ఇద్దరి వయసూ తెలియడం లేదు. ఫోటోతో కూడిన వయసు ధ్రువపత్రాలు రెండు రోజుల్లో పంపగలరు. లేనిచో ప్రకటన రద్దు' అని రాసి సంతకం గిలికాడు. ప్రకటన రద్దయితే ఆమె ఉద్యోగం ఊడుతుందని తెలుసు. ఊడితే పీడా పోయిందనుకున్నాడు.

 ఆ రెండు రోజులూ దారిలో భుజాలు వెడల్పున్నవాడు ఎవడు కనిపించినా 'వీడేనా?' అని ఆగి చూశాడు. పేరు తెలియగానే స్టూడియోకెళ్ళి వాడిని నలుగురిలో కడిగెయ్యాలనుకున్నాడు. ఆమె తరఫున రాజీనామా ఉత్తరం కూడా తనే రాసి జేబులో పెట్టుకున్నాడు. అసూయకు తోడు ఆఫీసు భాష కూడా వచ్చిందాయె.

మూడోనాడు కవరు వచ్చింది. మొదటి కాగితం భార్యది. దాన్ని పక్కకు నెట్టి, రెండోది పైకి లాగాడు.

వయసు అరవై మూడని రాసి ఉన్న ఆ కాగితం మీద, అంటించిన ఫోటోలోంచి వాళ్ళమ్మ అతనికేసి గుర్రుగా చూస్తోంది.