తలుపు మీది సీ

నాన్న సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రాగానే వంటింటి తలుపు మీద పాత షిఫ్టు తుడిచేసి, సుద్దముక్కతో కొత్తది రాసేవాడు. దాన్ని చూసే అమ్మ క్యారేజీ కట్టేది. అమ్మకొచ్చిన అక్షరాలు ఏ, బీ, సీ, ఆ మూడే.

సీ అంటే రాత్రి డ్యూటీ. అది రాసి వెళ్లిన రోజే దాచేపల్లి రోడ్డు మీద నాన్నను లారీ గుద్దింది.

నాన్న పోయి ఏడాదైంది. సీ అట్నే ఉంది. అమ్మ ఇంకా రాత్రంతా మేలుకుని, పగలు పడుకుంటోంది.

"ఒంట్లో కూడా గడియారం ఉంటదమ్మా," అన్నాను. నేను ల్యాబులో చదివేది అదే. "అది రోజూ ఆర్ఎన్ఏ అని చీటీలు రాసుకుంటది. పనైపోగానే ఒక ప్రోటీన్ ఆ చీటీని పట్టుకుని చింపిస్తది. చింపడం ఆలస్యమైతే గడియారం వెనకబడుద్ది. నువ్వూ ఆ సీ తుడిచెయ్."

"చింపనీకుండా కాపాడేది ఉండదా ఏంది?"

"ఉంటది. అది వేరే ప్రోటీన్."

విసుగొచ్చి నేనే తడిగుడ్డ తీసుకుని తలుపు దగ్గరికెళ్లాను.

ఏడాది నాటి సుద్ద ఇంత తెల్లగా ఎట్లా ఉంది?

వెనక్కి తిరిగాను. అమ్మ తెల్లబడ్డ వేళ్లను కొంగులో దాచుకుంటోంది.