రశ్మి వెనకాల

"ఒక్కరు ఎక్కువున్నరు. ఇయ్యాల చివర వచ్చినోళ్ళని టీంల నుంచి తీసేస్త," అన్నాడు డ్రిల్ సారు డానియేలు.

పరుగు టీం వరసలో ఉన్న రశ్మి ఒకడుగు ముందుకు జరిగింది.

శాలిబండలోని బడి నుంచి నయాపూల్ దాకా పరిగెత్తి, మళ్ళీ బడి గేటుకు రావాలి. పాతబస్తీలో దుకాణాల షట్టర్లు ఇంకా లేవలేదు.

టీంలో అందరికన్నా మెల్లగా పరిగెత్తేది రశ్మే. అయినా ఒక్క పొద్దూ మానలేదు.

"టీంల ఉన్నవని పంపుతున్న. లేకుంటే పొద్దుగాల ఇల్లు కదిలేది లేదు," అని నాన్న ప్రహ్లాద్ ముందే చెప్పాడు.

కొన్నాళ్ళుగా మాత్రం ఆమె చివర రావడం లేదు. కారణం నౌరీన్.

నౌరీన్‌ది కరీంనగర్. అమ్మమ్మకు బాగాలేదని తల్లితో వచ్చి, ఇదే బడిలో చేరింది. రోజూ రశ్మి వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో పరిగెత్తేది.

"ఆపకు రశ్మీ, నేనున్న కదా ఎనక," అనేది.

ఆ మాట రశ్మికి గిట్టేది కాదు.

"నీతోని కాకుంటే మానెయ్యరాదు?" అని ఓసారి అందరి ముందూ అనేసింది.

నౌరీన్ నవ్వేసింది.

విజిల్ మోగింది.

నయాపూల్ మలుపు తిరిగేసరికే రశ్మికి డొక్కలో పోటు. ముందున్నవాళ్ళు ఎప్పుడో కనుమరుగయ్యారు. కరెంటు స్తంభం పట్టుకుని వంగిపోయింది.

ఇక నౌరీన్ దాటిపోతుంది. అయిపోయినట్టే.

నౌరీన్ దాటలేదు. అక్కడే కూర్చుని, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకోసాగింది.

అదే అదనుగా రశ్మి పరుగందుకుంది. గేటు దాటాక గానీ వెనక్కి చూడలేదు.

నౌరీనే చివర.

"రేపటి సంది నువ్వు రావద్దు," అన్నాడు సారు.

"సరే సార్."

"ఈమె ఉండబట్టి బతికిపోయిన!" అంది రశ్మి పక్కవాళ్ళతో. అందరూ నవ్వారు. నౌరీన్ విన్నది.

వారం తిరక్కుండానే నౌరీన్ అమ్మమ్మ పోయింది. తల్లీకూతుళ్ళు కరీంనగర్ వెళ్ళిపోయారు. రశ్మి పలకరించడానికైనా పోలేదు.

ఆ తర్వాత ఆమె వెనక ఎవరూ లేరు. రోజూ తనే చివర. ఏడుపొచ్చేది. ఏడుస్తూనే పరిగెత్తేది.

చలికాలంలో, హైదరాబాదులోనే పోటీలు. వేరే జిల్లాల బడులూ వచ్చాయి.

మైదానం చుట్టూ ఎనిమిది రౌండ్లు. సగం కాకముందే రశ్మి ఒంటరిదైంది. ఇంతలో వెనక నుంచి ఓ పిల్ల దూసుకొచ్చి, అవలీలగా దాటిపోయింది. రశ్మికన్నా అప్పటికే ఒక రౌండు ఎక్కువ కొట్టేసింది.

నౌరీన్!

పిలుద్దామంటే ఊపిరి లేదు. అందుకుందామంటే కాళ్ళు లేవు. దూరమైపోతున్న ఆ వీపును చూస్తూ ఈడ్చుకుంటూ పోవడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

రశ్మి గీత దాటేసరికి జనం పలచబడ్డారు. కరీంనగర్ బడి సారు సోమయ్య సంచులు సర్దుతున్నాడు.

"సార్, నౌరీన్ ఏది?"

"పిల్లల బస్సు ఇప్పుడే పోయింది బిడ్డా. ఆమె నీకెట్ల తెలుసు?"

"మా స్కూల్ల నా ఎనక ఉరికేది సార్. ఇంతట్లనే గింత జల్ది ఉరుకుడు ఎట్ల నేర్చుకున్నది?"

సోమయ్య ఆమెను వింతగా చూశాడు.

"నేర్చుడేంది బిడ్డా, మూడేండ్ల సంది మా జిల్లాకు ఫస్టు ఆమెనే."