కెమెరాకు అడ్డమొచ్చినాయన

"ఓ పెద్దాయనా, జర పక్కకు జరుగు. అడ్డమొస్తున్నవ్."

హరికిషన్ ఈ మాట అనడం అది మొదటిసారి కాదు.

పెద్దాయన జరిగాడు. కెమెరాకు కన్ను ఆనించేలోపే మళ్లీ వచ్చి నిలబడ్డాడు. తెరంతా ఆయన వీపే, చెట్టు మాయం.

సిద్దిపేటలో బోన్సాయ్ చెట్ల ప్రదర్శన పెట్టడం అదే మొదలు. పళ్లెంలాంటి కుండీలో మూరెడు కూడా లేని చింతచెట్టు. దాని కొమ్మలు ఎట్లా కత్తిరించాలో, తీగ చుట్టి ఎట్లా వంచాలో చేసి చూపించడానికి హైదరాబాద్ నుంచి సుగుణ మేడం వచ్చింది. అదంతా వీడియో తీసే పని హరికిషన్‌ది.

పెళ్లి వీడియోలు తీసీ తీసీ, అప్పగింతల ఏడుపులు వినీ వినీ విసుగెత్తిన మనిషి. ఈ క్యాసెట్టు కుదిరితే పట్నంలో మేడం చెప్పే క్లాసులకూ తననే పిలుస్తామన్నారు. అందుకే ఒక్క షాటు కూడా పోగూడదని పట్టుదల.

పెళ్లిలో తాళి షాటు పోతే, "బాబూ, ఇంకోసారి చేతులు మెడ దగ్గర పెట్టు" అనొచ్చు. ఎంతమందితో పెట్టించలేదు! కొమ్మ అట్లా కాదు. కత్తెర పడిందంటే పడిందే.

దానికి తోడు కరెంటు పోయి హాలంతా చీకటి గుయ్యారం. జనరేటరు పెట్టించి, పెళ్లిళ్లకు వాడే పెద్ద లైటును చెట్టు దగ్గరకు లాగాడు.

"సార్, గా లైటు జర దూరం పెట్టుండ్రి. వేడి బాగున్నది," అన్నాడు పెద్దాయన మెల్లగా.

"వేడైతే బయటికి పో. గాడ చల్లగుంటది."

వెనక కుర్చీల్లో నవ్వారు.

"పోనియ్ కిషన్, టీవీల పడాలని ఆశ ముసలాయనకు," అన్నారెవరో.

హరికిషన్‌కు ఈ బాపతు మనుషులు కొత్త కాదు. ప్రతి పెళ్లిలోనూ ఒక మేనమామ ఉంటాడు. లైటు ఎటు తిరిగితే అటే వస్తాడు. చివరికి క్యాసెట్టులో పెళ్లికొడుకు కంటే ఆయనే ఎక్కువ కనపడతాడు.

సుగుణ మేడం కత్తెర తీసింది.

"ఇప్పుడు ఈ పెద్ద కొమ్మ తీస్తున్న. అందరు మంచిగ చూడుండ్రి."

సరిగ్గా అప్పుడే పెద్దాయన భుజం మీది తువ్వాల తీసి, విప్పుకుంటూ మళ్లీ అడ్డం వచ్చాడు.

ఇక హరికిషన్‌కు ఓపిక నశించింది. రెక్క పట్టుకొని వాకిలి దాకా తీసుకుపోయాడు.

"నీకు దండం పెడ్త. నీ మొకం ఇంకో దినం తీస్త. ఇయ్యాల చెట్టును తియ్యనియ్యి."

పెద్దాయన ఏదో అనబోయాడు. ఒకసారి చెట్టు వైపు చూశాడు. చెప్పులు వేసుకొని మెట్లు దిగాడు.

ఆ తర్వాత పడ్డాయి చూడండి షాట్లు! కత్తెర పడటం, కొమ్మ రాలడం, మేడం వేళ్లు తీగ చుట్టడం. ఏ అడ్డమూ లేదు. హరికిషన్ లోలోపల మురిసిపోయాడు.

"ఒక్క నిమిషం," మేడం చెయ్యి ఆగింది. "ఆ లైటు బంద్ చెయ్యుండ్రి. ఆకులు మాడుతున్నయి."

నిజమే. లైటు వైపు ఆకులన్నీ వాడి వేలాడుతున్నాయి. కొన్నింటి అంచులు ఎర్రబడ్డాయి.

హరికిషన్ లైటు ఆర్పి, చెట్టు పక్కన చెయ్యి పెట్టి చూశాడు. ఆర్పిన లైటు సెగకే చెయ్యి నిలవలేదు. ఇంతసేపూ ఈ సెగకు వీపు అప్పజెప్పి నిలబడ్డ మనిషినా తను బయటికి గెంటింది?

బయటికి పరుగెత్తాడు. మెట్ల మీద హాలు కాపలా రాజం ఒక్కడే ఉన్నాడు.

"గా పెద్దాయన ఏడి?"

"గిప్పుడే పోయిండు. కొండపాక బస్సుకు టైమైందట. చెట్టు మీద జర నీళ్లు చల్లుమని నాకు చెప్పి పోయిండు."

లోపలికొచ్చి క్యాసెట్టు వెనక్కి తిప్పి చూశాడు. ఆయన పడ్డ ప్రతిచోటా వీపే. ఒక్కసారంటే ఒక్కసారి కెమెరా వైపు తిరగలేదు. టీవీలో పడాలనుకునేవాడు ఇట్లా నిలబడతాడా?

అంతలో ప్రదర్శన పెట్టించిన బట్టల దుకాణం కాశీనాథం, జనరేటరు దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం కిషన్, మా వెంకటనర్సయ్యను మంచిగ తీసినవా? గీ జనరేటర్ లొల్లిల వడి నీకు చెప్పుడే మర్చిపోయిన."

"ఆయనెవరు సేట్?" హరికిషన్ క్యాసెట్టు ఆపి అడిగాడు.

"గా చింతచెట్టు ఆయనదే. ఇంటామె అమృతమ్మ మంచం దిగక ఏండ్లాయె. పండుకున్న కాడికి పచ్చగ కనవడాలని కిటికీల పెట్టి పెంచిండు. రేపు వీసీఆర్ కిరాయికి తీస్కపోయి ఆమెకు గీ క్యాసెట్ చూపిద్దామనుకున్నం."

కాశీనాథం నవ్వుతూ ఇంకో మాట అన్నాడు.

"'నన్ను చూసుకుంట ఇంట్లనే ఉండిపోతివి, నలుగురిల నిలవడితే నువ్వెట్లుంటవో కండ్లార చూడాలె, సిగ్గుపడకుంట కెమెరా దిక్కు చూడు' అని మరీ మరీ చెప్పి పంపిందట ఆమె."