బీరువాల కార్ఖానా

“మూసెయ్యాలె ఫాదర్. గంతే. అండ్ల ఆలోచించేదేం లేదు.”

ఇంద్రసేన అంత తెగేసి చెప్పేసరికి క్లాసులో వాళ్ళంతా అతనివైపు తిరిగారు. ముందు బల్ల మీది కుసుమ రాస్తున్న కలం ఆపింది.

నారాయణగూడ మిషన్ కాలేజీలో డిగ్రీ మీద రెండేళ్ళ వ్యాపార చదువు అది. పాఠం చెప్పడంలో ఫాదర్ రాయప్పది ఒక పద్ధతి. పుస్తకాలు మూయించి, ఎక్కడో నిజంగా నడుస్తున్న వ్యాపారం కష్టసుఖాలు చెబుతారు. పేర్లు మాత్రం మార్చేస్తారు. “మీరే యజమానులైతే ఏం చేస్తారు?” అని అడుగుతారు.

ఇవాళ చెప్పింది మిషన్ వాళ్ళ బీరువాల కార్ఖానా సంగతి. పనివాళ్ళు మంచివాళ్ళే. కాని ఒక్కో బీరువా తయారు కావడానికి రెండేళ్ళు పడుతుంది. షెడ్డులో సగం చోటు ఖాళీ. ఈ ఏడాది ఊళ్ళో గొడవలకు నెలల తరబడి తాళం పడింది. నష్టమంతా మిషన్ పెద్దలే భరిస్తున్నారు.

“ఈసారి ఉత్త పాఠం కాదు. మీరేం తేలిస్తే అదే చేస్తామని పెద్దలు నాకు మాటిచ్చారు,” అన్నారు ఫాదర్.

ఆ మాటకే ఇంద్రసేన ఒళ్ళు వేడెక్కింది. కరెంటాఫీసులో పర్మినెంటు నౌకరీ వదిలేసి ఈ చదువులో చేరాడతను. అప్పటినుంచి చిక్కడపల్లి ఇంట్లో తండ్రి రాఘవేందర్ అతనితో మాట్లాడడు. ఎదురుగా కూర్చున్నా, “చారు చల్లారుతుందని జర ఆ దొరకు చెప్పు,” అని తల్లితో అంటాడు. ఇంకొక్క ఏడాది. ఈ పట్టా చేతికొచ్చి, ఫాదర్ ఏ కంపెనీకో ఓ మాట చెబితే తప్ప ఆ ఇంట్లో అతను తలెత్తుకోలేడు. తన తెలివి ఫాదర్ కంట పడటానికి ఇంతకన్నా మంచి రోజు రాదనిపించింది.

“మూసెయ్యమనడానికి నోరెలా వచ్చిందండీ?” అంది కుసుమ. తెనాలి పిల్ల. అశోక్ నగర్‌లో పిన్నిగారింట ఉండి చదువుతోంది. “గొడవలు సద్దుమణిగాయిగా. ఒక్క ఏడాది ఆగి చూడొచ్చుగా?”

“ఆగి చూసేటందుకు ఇదేమన్న సిన్మానా? నష్టాన్ని ముద్దు చేస్తే ఇంకింత పెరుగుతది.”

“మరి పనివాళ్ళు?”

“చేతిల పనున్నోనికి పరేషాన్ ఏంది? ఇంకోకాడ దొరుకుతది.”

“సరేనండీ. షెడ్డులో సగం చేసినవి ఉంటాయిగా, తలుపులు పెట్టని బీరువాలు? వాటినేం చేస్తారు?”

ఇంద్రసేన నవ్వాడు. “ఎవలన్న కొంటే కొంటరు. లేకుంటే ఎట్లున్నయో గట్లనే రోడ్డు మీద పెట్టుడు. తలుపుల్లేని బీరువాల కోసం కార్ఖానా నడుపుతమా?”

క్లాసు గొల్లుమంది. వెనక బల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఫాదర్ నవ్వలేదు. “ఇంకోసారి ఆలోచించుకో ఇంద్రసేనా. నిలబెట్టే దారి ఏదైనా ఉందేమో.”

“ఆలోచించిన ఫాదర్. జాలికి పోతే వ్యాపారం నడవదని మీరే చెప్పిన్రు.”

ఫాదర్ క్లాసు వైపు తిరిగారు. “మూసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి,” అన్నారు.

కుసుమ చెయ్యి తప్ప అన్నీ లేచాయి.

ఫాదర్ ఓ చీటీ మీద రెండు ముక్కలు రాసి అటెండరు ఈదయ్యను పిలిచారు. మిషన్ పెద్దలు మేడమీద గదిలో ఇదే సంగతి మీద కూర్చుని ఉన్నారట. ఈదయ్య చీటీ పట్టుకుని మెట్లెక్కాడు. ఎంతోసేపు పట్టలేదు, దిగొచ్చాడు.

“మంచిదన్నరు ఫాదర్. గట్లనే కానియ్యమన్నరు. రేపటి సంది బంద్.”

ఫాదర్ తల పంకించారు. బోర్డు తుడిచారు. మూల మూలకూ తుడిచారు. తర్వాత బల్ల సొరుగులోంచి తన పుస్తకాలన్నీ తీసి సంచిలో పెట్టుకోసాగారు. ఏ రోజూ ఆయన వాటిని ఇంటికి పట్టుకెళ్ళడం ఎవరూ చూడలేదు. ఇంద్రసేనకు అదేమీ పట్టలేదు. పక్కవాడు వీపు తడుతుంటే, ఈ రాత్రి చారు చల్లారకముందే తండ్రి చెవిన ఈ మాట ఎట్లా వెయ్యాలా అని చూస్తున్నాడు.

“ఫాదర్, పెద్దోళ్ళకు నా పేరు రాసిన్రా?”

“రాశాను నాయనా.”

“ఇప్పుడన్న చెప్పున్రి. ఆ కార్ఖానా ఏది?”

ఫాదర్ సంచి మూతి కట్టడం ఆపారు.

“దాని పేరే కాదు ఇంద్రసేనా, అందులో తయారయ్యే సరుకు పేరు కూడా మార్చి చెప్పాను.”

“అసలు సరుకేంది ఫాదర్?”

“మీరే.”