సిరిల్ గుప్పెడు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి, కబుర్లు కాసేపు కట్టిపెట్టండి. ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో సిరిల్ బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టాడు.

అది మామూలు చెయ్యి కాదు. ఫ్యాక్టరీలో పదేళ్లు సమ్మెట కొట్టిన చెయ్యి. ఒకసారి పట్టాల పక్కన నిలబడి ఎవరికో టాటా చెప్తే, ఎర్రజెండా అనుకుని గూడ్సు బండి ఆగిపోయిందట.

"అదేటయ్యా?" అంది అతని భార్య దోర్కా. జారిపడి కుడి మణికట్టు విరిగి కట్టు కట్టించుకున్న దగ్గర్నుంచి వంట సిరిల్‌దే.

"దేవుడి గుప్పెడు."

వండే ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి కుండలో వేసి, ఆదివారం చర్చికి ఇస్తారు. లేనివాళ్లకి పంచుతారు.

"గుప్పెడా, పారా? నీ ఫ్యాక్టరీ మూసీసినారు. ఈ డ్రమ్ము కాళీ అయితే ఏటి తింటాం?"

"గుప్పెడు ఇమ్మన్నారు గానీ ఎవలి గుప్పెడో సెప్పనేదు కదే."

"సేతి ఏళ్లు ముడిసి తియ్యి."

"దేవుడూ సూస్తన్నాడు, నువ్వూ సూస్తన్నావు. ఆయన ఏటీ అన్నేదు."

అప్పుడే పక్కింటి సింహాచలమ్మ వచ్చింది. భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. దోర్కా చెయ్యి విరిగాక రోజూ వచ్చి ఆమెకి జడ వేసి, వంటగది ఊడ్చి వెళ్తోంది.

"ఒదినా, అన్నయ్య సెయ్యి ఆ డ్రమ్ములో పట్టడమే గొప్ప," అని నవ్వింది.

డ్రమ్ము వారం మించి రాదని దోర్కా భయం. వారం గడిచింది, అడుగు కనబడలేదు. రెండు వారాలైంది. సిరిల్ గుప్పిళ్లు మొయ్యడానికి పాస్టరుగారు స్టేషన్ నుంచి ఇద్దరు కూలీలను పిలిపించారని వీధిలో అన్నారు. దోర్కా డ్రమ్ము లోపల సుద్దముక్కతో గీత పెట్టింది. పొద్దున గీత కిందికి దిగిన బియ్యం మధ్యాహ్నానికి గీత దాటి పైకొచ్చింది.

ఇది దేవుడి పనే అనుకుంది దోర్కా. గొణగడం మానేసింది. నాలుగో వారానికి, "ఇంకో గుప్పెడు తియ్యయ్యా, ఎవలింట్లో ఆకలుందో," అని తనే అంది.

కట్టు విప్పిన ఆదివారం సింహాచలమ్మను కూడా వెంటబెట్టుకుని చర్చికి వెళ్లి, లేచి సాక్ష్యం చెప్పింది.

"నాను పిసినారితనం సేసినాను. అయినా దేవుడు నా డ్రమ్ము ఎండనివ్వనేదు. రోజూ ఆయనే నింపినాడు. ఆయనకి స్తోత్రం."

చర్చంతా స్తోత్రం అంది. సిరిల్ కళ్లు తుడుచుకున్నాడు. దోర్కా వచ్చి కూర్చోగానే, సింహాచలమ్మ తన నడుం పట్టుకుని ఆమె చెవిలో గొణిగింది.

"రోజూ బియ్యం తెచ్చి పొయ్యలేక నా నడుం పడిపోనాది ఒదినా, అన్నయ్యని ఇకమీద ఎడం సేత్తో తియ్యమను."