తొమ్మిదించుల గోడ

మేస్త్రీ సంజీవప్ప వేలి కణుపుతో గోడ కొట్టి చూశాడు. నడింటికీ మగ్గం గదికీ మధ్య గోడ అది. మొన్నటి వానలకు బీటలు వారింది.

"రెండు దార్లుండాయి వెంకటసామీ. బీటలు పూడ్చి, హిందూపురంలో అమ్మే ఇటుక పలకలు పైన అంటిస్తా. చూసేదానికి ఇటుక గోడే. లోపల ఈ బక్క గోడ బక్క గోడే. కాదంటావా, దీన్ని పడగొట్టి నిండు ఇటుకతో తొమ్మిదించుల గోడ లేపుతా. అప్పుడు ఆడ టపాసు పేలినా ఈడ పిల్లి లేయదు."

"పలకలే అంటించు," అన్నాడు వెంకటస్వామి.

"నిండు గోడే కట్టు," అంది నీలావతి, పొయ్యి దగ్గర్నుంచే.

వెంకటస్వామి పెళ్లాం వైపు తిరిగాడు. "ఏమే, తెలిసే అంటాండావా? నిండు గోడ లేస్తే చప్పుడు రాదు."

"రాకుంటే పోనీ."

సంజీవప్ప గబగబా టేపు చుట్టుకుని బయటపడ్డాడు. ఏ చప్పుడో ధర్మవరంలో ఆ వీధికంతా తెలుసు.

కొడుకు శివకృష్ణ జ్వరమని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. సగం నేసిన చీర గుంత మగ్గం మీదే ఉండిపోయింది. దినాలు కాగానే వెంకటస్వామి ఆ గదికి దొడ్డివైపు గడియ పెట్టి, వీధివైపు తాళం వేశాడు.

మగ్గాల వీధిలో చప్పుడు వింటే చాలు, నేసేదెవరో చెప్తారు. మనిషికో నడక ఉన్నట్టే మగ్గానికో దరువు. శివకృష్ణది రెండు దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ ఒకటి.

కొడుకు పోయినాక నీలావతి ముద్ద ముట్టలేదు. ఎవరు బతిమాలినా గోడ వైపు తిరిగి పడుకునేది. ఒక మధ్యాహ్నం, తాళం వేసిన ఆ గదిలో అదే దరువు మొదలైంది. రెండు దెబ్బలు. ఆగింది. మళ్లీ ఒకటి. ఆ పూట నీలావతి లేచి ఇంత అన్నం తినింది.

అప్పట్నుంచి ఎండ నడినెత్తికొచ్చాక ఆ వీధిలో నడిచేవాళ్లు ఆ తలుపు ముందు అడుగు పెద్దది చేస్తారు.

మేస్త్రీ వచ్చిపోయిన రోజే కదిరి నుంచి కూతురు సుచిత్ర వచ్చింది. వెంకటస్వామి అన్నం తిని ఎప్పటిలా టీ హోటలుకని పోయాడు. తల్లీ కూతుళ్లు గిన్నెలు కడుగుతుంటే గోడవతల మగ్గం ఆడింది.

సుచిత్ర చేతిలో చెంబు జారింది. వీధిలోకి పరుగెత్తి చూసింది. తాళం వేసింది వేసినట్టే ఉంది.

"అన్న దెబ్బే మా అది!" అంది, తిరిగొచ్చి.

"ఊఁ."

"మల్ల నిండు గోడ కట్టమంటివంట? కన్నకొడుకు గొంతు నులిమినట్టు కాదా? అన్నను చూస్తే భయమా నీకు?"

నీలావతి గోడకు చెవి ఆనించింది. దరువు మునుపటిలా లేదు. ఆగేది ఎక్కువైంది. చివరి దెబ్బ ఏ లోతుల నుంచో ఈడ్చుకొచ్చినట్టు పడుతోంది.

"చచ్చినోళ్లకు గూడా అలుపొస్తాదా మా?" అంది సుచిత్ర.

"నిలిపేది తెలీకుంటే ఎవురికైనా వస్తాది."

చప్పుడు ఆగింది. కాసేపటికి వెంకటస్వామి గుమ్మం పట్టుకుని లోపలికొచ్చి నడింట్లో కూలబడ్డాడు.

"ఈ పొద్దు విన్యావా?" అని అడిగాడు భార్యను. "పలకలే అంటించమని సంజీవప్పకు చెప్తా. నువ్వేదో దిగులుతో అంటాండావు గానీ, వాని చప్పుడు లేకుంటే నువ్వు బతకవే."

నీలావతి ఆముదం వెచ్చబెట్టి తెచ్చింది. ఆయన ముందు కూర్చుని, వాచిన మోకాళ్ల మీదికి పంచె జరిపింది.

"నిండు గోడే కట్టించయ్యా," అంది నూనె రాస్తూ. "పెండ్లైనప్పట్నుంచి నీ మగ్గానికి కండెలు చుట్టిచ్చిన దాన్ని, నువ్వెంత కొడుకు మాదిరి కొట్టినా ఆ దెబ్బ నీదేనని నాకు తెలీదా?"